తంబుచెట్టి వీధిలో అరిగిపోయిన ‘ధ’

మా తాత ట్రంకు పెట్టెలో చిన్న అమృతాంజనం సీసా ఒకటి ఉండేది. అందులో మందు కాదు, సీసపు అక్షరాలు ఉండేవి. ఓ పదిహేను ఉంటాయేమో. అన్నీ ఒకే అక్షరం, ‘ధ’.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అంటే 1972లో, ఒక వేసవి మధ్యాహ్నం ఆ సీసాని చాప మీద బోర్లించి చూపించాడు. అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. “ఇక్కడ చూడమ్మా, కింద ఒక చిన్న గీత ఉండాలి. అరిగిపోయింది. ఆ గీత లేకపోతే ఇది ధ కాదు, ద. అప్పుడు ఆంధ్ర కాస్తా ఆంద్ర అయిపోతుంది” అన్నాడు. వేలితో తడిమి చూశాను. గీత ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

“మా కేసులో, అంటే అక్షరాల గడుల పెట్టెలో, అన్నిటికంటే ముందు అరిగేది ఇదే. ఆ మాట అన్నిసార్లు కూర్చేవాళ్లం మరి.”

తాత మద్రాసు తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక ప్రెస్సులో కంపోజిటర్‌గా, అంటే సీసపు అక్షరాలు ఏరి పేర్చే పనిలో, ఉండేవాడు. రేపల్లె దగ్గర పల్లెటూరి నుంచి 1936లో, పదహారేళ్ల వయసులో, మేనమామ చెయ్యి పట్టుకుని మద్రాసు వచ్చాడు. అరిగిన అక్షరాలను కరిగించి మళ్లీ పోత పోసేవారు. ఫోర్‌మన్‌ని అడిగి ఆ కాసిని ధలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడట. ఎందుకు తాతా అంటే సరిగ్గా చెప్పలేదు. ‘ఉండనీ’ అన్నాడు, అంతే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, నెల క్రితం మా వాకింగ్ స్నేహితురాలు ఒక ప్రశ్న అడిగింది. మేమిద్దరం రోజూ పొద్దున్నే లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కులో నడుస్తాం. ఆవిడ మైలాపూరులోనే పుట్టి పెరిగిన తమిళావిడ, నన్ను అక్కా అంటుంది. “అక్కా, ఈ నాగేశ్వరరావు ఎవరు? తెలుగాయన కదా, మన పార్కుకి ఆయన పేరెందుకు పెట్టారు?” అంది. “అమృతాంజనం కంపెనీ ఆయన” అన్నాను. ఆవిడ తలూపింది, మాట వేరే దాని మీదికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఏ పనీ సాగలేదు. మా తాత జీవితమంతా అన్నం పెట్టిన పత్రిక. తెలుగువాళ్లకి ఒక రాష్ట్రం కావాలన్న మాటని ఊరూరా మోసిన పత్రిక. దాన్ని పెట్టిన మనిషి గురించి అడిగితే నా నోటివెంట తలనొప్పి మందు పేరు తప్ప ఇంకేమీ రాలేదు. ఆవిడకి చెప్పాల్సింది ఇక్కడ రాసుకుంటున్నాను.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణా జిల్లాలో పుట్టారు. చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. వ్యాపారం కలిసొచ్చింది మాత్రం బొంబాయిలో. 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల దగ్గర ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశారని చెబుతారు. 1907లో సూరత్ కాంగ్రెస్‌కి వెళ్లారు. అతివాదులూ మితవాదులూ కొట్టుకుని విడిపోయిన సభ అది. దేశమంతా ఇంత జరుగుతుంటే తెలుగువాడికి తెలుగులో చెప్పే గట్టి పత్రిక లేదే అన్న బాధతో అక్కణ్ణుంచి తిరిగొచ్చారు. 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, బొంబాయి నుంచే. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక అయింది.

మద్రాసే ఎందుకంటే అప్పుడు తెలుగు జిల్లాలకి రాజధాని ఇదే. గంజాం నుంచి చిత్తూరు దాకా, అటు బళ్లారి దాకా, కోర్టు పనికైనా కాలేజీకైనా కౌన్సిలుకైనా ఇక్కడికే రావాలి. పత్రిక మొదటి పేజీలో ఊరి పేరు ‘చెన్నపురి’ అని వేసేవారు. తాత కూడా చివరిదాకా చెన్నపురి అనే అనేవాడు. దినపత్రిక మొదలైన నాలుగు నెలలకే యూరపులో యుద్ధం వచ్చిపడింది. యుద్ధం వార్తల కోసం జనం ఎగబడ్డారు. ఒక్కడు చదువుతుంటే అరుగు మీద పదిమంది చేరి వినేవారని తాత వాళ్ల నాన్న చెప్పేవాడట.

ఈ ఊళ్లో మనవాళ్ల పత్రికలు పుట్టిందే రాజకీయ గొడవల్లోంచి. 1878లో ముత్తుస్వామి అయ్యర్‌ని హైకోర్టు జడ్జిగా వేస్తే ఇక్కడి ఇంగ్లీషువాళ్ల పత్రికలు మండిపడ్డాయి. దానికి జవాబు చెప్పాలని ఆరుగురు కుర్రాళ్లు రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి, 80 కాపీలతో ‘ది హిందూ’ మొదలుపెట్టారు. ఆ ఆరుగురిలో న్యాపతి సుబ్బారావు పంతులుగారు ఒకరు. తర్వాత రాజమండ్రిలో పెద్ద వకీలై ఆంధ్రోద్యమంలో ముందు నిలిచారు. మద్రాసులో మన అడుగుజాడలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. మద్రాసు తెలుగువాళ్లంటే అందరూ కాంగ్రెస్ వాళ్లే కాదు. బ్రాహ్మణేతరుల పక్షాన పుట్టిన జస్టిస్ పార్టీని నిలబెట్టిన వాళ్లలో పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగాయనే. ఇవాళ్టి టి.నగర్ ఆయన పేరు మీదే ఉంది. ఆ పార్టీ నాయకుల్లో పానగల్ రాజావారూ తెలుగువారే. ఆ పార్టీకి ఇంగ్లీషులో ‘జస్టిస్’, తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ ఉండేవి. 1920లో ప్రభుత్వంలోకి వచ్చింది కూడా ఆ పార్టీయే. అంటే ఈ ఊళ్లో తెలుగు అచ్చులోనే రెండు రాజకీయాలు ఢీకొన్నాయి. ఉద్యోగాలన్నీ ఒక్క కులం చేతిలోనే ఉన్నాయన్న జస్టిస్ వాళ్ల మాటలో న్యాయం ఉంది. మా తాత కూడా ఆ మాట కాదనేవాడు కాదు.

అయితే ఊళ్లలోకి ఎక్కువ దిగింది ఆంధ్రపత్రికే. దానికి కారణం డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే అని నేననుకుంటాను. అప్పట్లో పత్రిక పెట్టాలంటే ఒక జమీందారు కావాలి, లేకపోతే సర్కారు ప్రకటనలు కావాలి. పంతులుగారికి రెండిటితోనూ పని లేదు. సంతల్లో, రైల్వే స్టేషన్లలో, కిళ్లీ బడ్డీల్లో అమ్ముడుపోయే పసుపుపచ్చ సీసా ఆ పత్రికని పోషించింది. తలనొప్పికి రాసుకునే మందు మీద వచ్చిన లాభంతో తెల్లవాడి మీద రాశారు. అందుకే నా స్నేహితురాలికి నేనిచ్చిన జవాబు పూర్తిగా తప్పు కాదు. సగంలో ఆగిపోయాను, అదే నా బాధ.

పంతులుగారు ఒక్క పేపరుతో ఆగలేదు. 1924లో ‘భారతి’ మాసపత్రిక, 1926లో పుస్తకాలు వేయడానికి ఆంధ్రగ్రంథమాల. ఏటా ఉగాదికి పెద్ద సంచిక వచ్చేది. మా ఇంట్లో వాటిని పంచాంగంతో పాటు దేవుడి గూట్లో పెట్టేవారు. కొత్త సంచిక వచ్చాకే పాతది బయటికి తీసేవారు.

ఆయన పత్రికకి యజమాని, సంపాదకుడు, ఆపైన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్‌కి చాలాకాలం అధ్యక్షుడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లారు. జనం దేశోద్ధారక అన్నారు. పార్టీ అధ్యక్షుడే పత్రిక నడిపితే ఆ పత్రికలో ఆ పార్టీ తప్పులు ఎవరు రాస్తారు? ఈ మాట నేను తాతని అడిగాను. అప్పుడు నాకు ఇరవై, కాలేజీలో చదువుతున్నాను, ఎమర్జెన్సీ చూసిన వయసు. తాతకి కోపం రాలేదు. “అప్పుడు పార్టీ అంటే జైలుకెళ్లేవాళ్లమ్మా, జైల్లో పెట్టేవాళ్లు కాదు” అన్నాడు. ఇప్పటికీ ఆ జవాబు నాకు సగమే సరిపోతుంది. పత్రికా యజమాని పార్టీ కుర్చీలో కూర్చోవడం మంచి అలవాటు కాదు. ఆ తర్వాత మన తెలుగు పత్రికలకి పట్టిన జబ్బుకి విత్తనం అక్కడ లేదని నేను గట్టిగా అనలేను. కానీ ఆయన అధికారం కోసం పత్రిక పెట్టలేదన్నది కూడా అంతే గట్టిగా చెప్పగలను. సంపాదించింది పత్రికకీ పుస్తకాలకీ ఉద్యమాలకీ పెట్టాడు.

ఇక శ్రీబాగ్. ఇది వివరంగా చెప్పాలి.

శ్రీబాగ్ అంటే మైలాపూరులో పంతులుగారి ఇల్లు. 1937 నవంబరు 16న ఆ ఇంట్లో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చున్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు లాంటి వాళ్లు. సమస్య ఏమిటంటే, ఆంధ్ర రాష్ట్రం అంటే కోస్తావాళ్లు ఎగిరి గంతేస్తున్నారు, సీమవాళ్లకి నమ్మకం లేదు. మద్రాసు పెత్తనం పోయి బెజవాడ పెత్తనం వస్తుందా అన్నది వాళ్ల భయం. విశ్వవిద్యాలయం వాల్తేరుకి పోయింది, నీళ్లన్నీ డెల్టాకి పోతున్నాయి, మాకేం మిగులుతుంది అన్నారు. అది గొంతెమ్మ కోరిక కాదు, న్యాయమైన భయం.

ఆ రోజు కాగితం మీద పెట్టుకున్నది ఇది. విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా కేంద్రం ఉండాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకి, పదేళ్లపాటో అవసరమైనంత కాలమో, ముందు వాటా ఇవ్వాలి. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట ఉండకూడదు. ఒకటి కోస్తాలో ఉంటే రెండోది సీమలో ఉండాలి, ఏది కావాలో సీమవాళ్లే ఎంచుకోవాలి. 1953లో కర్నూలు రాజధాని అయ్యిందంటే, హైకోర్టు గుంటూరుకి వెళ్లిందంటే, ఆ ఇంట్లో రాసుకున్న మాట వల్లే. ఇవాళ కూడా రాజధాని గొడవ లేచినప్పుడల్లా టీవీలో శ్రీబాగ్ అంటుంటారు. వినేవాళ్లలో చాలామందికి అది మైలాపూరులో ఒక ఇంటి పేరని తెలియదు. నీళ్ల విషయంలో ఇచ్చిన మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారో అనంతపురం వాళ్లని అడగండి. వాళ్లు చెప్పేది వింటే గుండె తరుక్కుపోతుంది.

తాత అప్పటికి ప్రెస్సులో కొత్త. అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకోనిచ్చేవారు కాదు. వాడిన అక్షరాలని మళ్లీ దేని గడిలో దాన్ని సర్దడమే పని. తెలుగు కేసు అంటే మామూలు విషయం కాదు. అచ్చులు, హల్లులు, ఒక్కో హల్లుకీ గుణింతం, పైన వత్తులు, అన్నీ వందలకొద్దీ గడులు. చీకట్లో కూడా చెయ్యి సరైన గడిలోకే పోవాలి. శ్రీబాగ్ వార్త వచ్చిన మర్నాడు సర్దుతుంటే ‘సీ’, ‘మ’ గడులు నిండిపోయాయట. అంటే ముందురోజు ‘సీమ’ అన్న మాట అన్నిసార్లు పడిందన్నమాట. వార్త చదవకుండానే అందులో ఏముందో వేళ్లకి తెలిసిందని చెప్పేవాడు. ఈ ఒక్క మాట కోసమే తాత కథలన్నీ నేను గుర్తుపెట్టుకున్నాననిపిస్తుంది.

పంతులుగారు ఆ తర్వాత ఎక్కువ రోజులు లేరు. 1938 ఏప్రిల్ 11న పోయారు. పత్రికని అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు చూసుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో రామ్‌నాథ్ గోయెంకా ఈ ఊళ్లోనే ఆంధ్రప్రభ మొదలుపెట్టారు. తర్వాత నార్ల వెంకటేశ్వరరావుగారు సంపాదకుడయ్యాక ఆ పత్రిక ఊపు వేరు. సంపాదకీయాలు సూటిగా, వాడిగా ఉండేవి. తాత ఉద్యోగం ఆంధ్రపత్రికలో, చదివేది మాత్రం రెండూ.

ఇక 1952. పొట్టి శ్రీరాములుగారు అక్టోబరు 19న రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో నిరాహారదీక్షకి కూర్చున్నారు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. మా పార్కు నుంచి నడిచి వెళ్లొచ్చు. మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కావాలన్నది ఆయన పట్టు. అటు తమిళులు తల ఇచ్చైనా నగరాన్ని కాపాడుకుంటాం అన్నారు. మన వాళ్లు మద్రాసు మనదే అన్నారు. వీధుల్లో టెన్షన్. మా నాన్నకి అప్పుడు పదేళ్లు. జార్జిటౌనులో పక్కింటి తమిళ పిల్లలతో గోళీలాడుకునేవాడు. ఆ రెండు నెలలూ మా నాయనమ్మ అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. పక్కింటావిడ మాత్రం రోజూ గోడ మీంచి మజ్జిగ అందించడం మానలేదు.

డిసెంబరు 15 రాత్రి శ్రీరాములుగారు పోయారు. 58 రోజులు. ఆ రాత్రి తాత షిఫ్టులో ఉన్నాడు. కబురు వచ్చేసరికి పేజీలు కట్టేసి ఉన్నాయి. మళ్లీ విప్పారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదట. స్టిక్కులో అక్షరం పడుతున్న చప్పుడే వినిపించిందట. పెద్ద అచ్చు అక్షరాల పెట్టె దించి, శీర్షికకి కావాల్సినవి ఏరుతుంటే తాత చేతులు వణికాయి. తెల్లారి ఇంటికొచ్చి స్నానం చేసి, ఎవరో సొంతవాళ్లు పోయినట్టు నేల మీద పడుకున్నాడు.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. తెలుగు జిల్లాలు అట్టుడికిపోయాయి, కాల్పులు జరిగాయి, డిసెంబరు 19న నెహ్రూగారు ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు లేకుండా.

నాకు ఎప్పటికీ మింగుడుపడనిది ఇక్కడే ఉంది. దాదాపు నలభై ఏళ్లు చెన్నపురిలో కూర్చుని ఆంధ్ర కావాలని రాసిన పత్రిక అది. ఆంధ్ర వచ్చింది. వచ్చిన రోజునే అది పరాయి రాష్ట్రంలో అచ్చయ్యే పత్రిక అయిపోయింది. ఎమ్మెల్యేలు వెళ్లిపోయారు, మంత్రులు వెళ్లిపోయారు, ఆఫీసర్లు ఇళ్లు ఖాళీ చేశారు. వార్త పుట్టేది కర్నూల్లో, 1956 తర్వాత హైదరాబాదులో. మద్రాసులో కూర్చుని రైలు కోసం ఎదురుచూస్తే ఆ వార్త పాతబడిపోతుంది. 1959లో ఆంధ్రప్రభ మద్రాసు వదిలేసింది. 1960లో నార్లగారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి పుట్టింది విజయవాడలో. 1974లో ఈనాడు విశాఖపట్నంలో. తెలుగు పత్రిక అడ్రసు మారిపోయింది. ఆంధ్రపత్రిక కూడా నెమ్మదిగా నీరసించింది. 1990ల మొదట్లో ఆగిపోయింది. అప్పటికి తాత లేడు. ఆ వార్త వినకుండా పోవడమే మంచిదైందని నాన్న అన్నాడు.

రాష్ట్రం వచ్చాక కూడా ఆ పత్రిక ఊరికే కాలం గడపలేదు. బాపుగారు బొమ్మలు వేసిందీ, ముళ్లపూడి వెంకటరమణగారు సబ్‌ఎడిటర్‌గా పనిచేసిందీ అక్కడే. కానీ రాజకీయాల్ని కదిలించే బలం ఊరితో పాటే పోయింది. సెక్రటేరియట్ పక్కన లేని పత్రికని మంత్రులు చదువుతారు గానీ భయపడరు.

వెళ్లినవాళ్లు వెళ్లారు, మేం ఉండిపోయాం. “అక్షరం ఇక్కడ నేర్చుకున్నాను, ఇక్కడే పోతాను” అన్నాడు తాత. ఆ తర్వాత ఇంకో ప్రెస్సులో కొన్నాళ్లు పెళ్లి శుభలేఖలు కూర్చాడు. అక్కడ మూడు నెలల జీతం ఎగ్గొట్టారు. ఆ ప్రెస్సు పేరు ఇక్కడ రాయను.

మొన్న ఆదివారం స్నేహితురాలికి ఇదంతా చెప్పాను. నడుస్తూ మొదలుపెట్టి, మూడు రౌండ్లయ్యాక బెంచీ మీద కూర్చున్నాం. శ్రీబాగ్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆపింది. “అంటే మీ రాష్ట్రం గురించి ఒప్పందం మా వీధిలో రాసుకున్నారా?” అంది. అవునన్నాను. శ్రీరాములుగారి గురించి చెప్పేటప్పుడు కొంచెం తడబడ్డాను, వాళ్ల నాన్న ఆ రోజుల్లో అవతలి ఊరేగింపుల్లో నడిచినవాడు. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి “చెప్పక్కా” అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోనులో ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసిన పాత ఆంధ్రపత్రికలు తెరిచాను. కాగితం అంచులు చిరిగి, మధ్యలో మడత గీతలు. ఒక పాత సంచికలో నాలుగో కాలమ్, కిందినుంచి ఆరో లైను. వేళ్లతో పెద్దది చేసి చూశాను. ‘ఆంద్ర’ అని ఉంది. స్కాన్ మసకేమోనని ఇంకా పెద్దది చేశాను. పక్క లైనులో ‘ధనము’లో గీత స్పష్టంగానే ఉంది. ఇక్కడ మాత్రం లేదు, ఆ చోట తెల్లగా ఉంది.

సీసా ఇప్పుడు నా దగ్గరే ఉంది. లేచి, లైటు వేసి, మూత తీశాను.